పేరు రాయని చీటీ

మా సంఘంలో ఆమెను అందరం గుమ్మం అక్క అనేవాళ్ళం. ఆదివారం ఆరాధనకు అరగంట ముందే వచ్చి గుమ్మం పక్కన నిలబడేది. వచ్చినవాళ్ళ రెండు చేతులూ పట్టుకుని వందనాలు చెప్పేది. అంతటితో వదిలే రకం కాదు. "మోకాలు ఎలా ఉందన్నా?" "ఇంటర్వ్యూ ఏమైంది?" "అలా కుంటుతున్నావేం, కొత్త చెప్పులు కరిచాయా?" అని మనిషికో ప్రశ్న వేసి, జవాబు రాబట్టాకే లోపలికి పంపేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకూ మినహాయింపు లేదు. లోపల పాట మొదలైపోయినా సరే, గుమ్మంలో ఆగి జవాబు చెప్పుకోవాల్సిందే. పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ, "పరలోకం గుమ్మంలో కూడా ఇన్ని ప్రశ్నలు వేయరేమో అక్కా" అన్నారు. "అక్కడున్నాయనకి అన్నీ తెలుసు కదండీ. నాకు తెలీదు, అందుకే అడుగుతా" అంది.

ఆ అలవాటు ఆమెకు ఊరికే రాలేదు. భర్త పోయిన కొత్తలో, ఏడేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని మా సంఘానికి వచ్చింది. మూడు ఆదివారాలు ఆఖరి వరుసలో కూర్చుని వెళ్ళిపోయింది. ఎవరూ పలకరించలేదు. నాలుగో ఆదివారం అందరికంటే ముందొచ్చి, తనే గుమ్మంలో నిలబడింది. "నన్ను పిలిచేవాళ్ళు లేకపోతే నేనే అందరినీ పిలుస్తా అనుకున్నా చెల్లీ" అని నాతో చెప్పింది. ఆ మూడు ఆదివారాల్లో నేనూ అక్కడే, రెండో వరుసలో ఉన్నాను. నేనూ పలకరించలేదన్న మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకే తేలికగా ఉండేది.

ఆమె పని పాత బట్టలు సరిచేయడం. బస్సులు ఆగే చోటికి ఎదురుగా, తాళాల కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరికించినట్టున్న చిన్న గది. అందులో ఒక కుట్టుమిషను, అంచులు కుట్టే ఒక ఓవర్‌లాక్ మిషను, పొడవాటి బల్ల, నిలువుటద్దం, పరదా కట్టిన మూల. కొత్త బట్టలు కుట్టేది కాదు. పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరిగిన జేబు తీసి కొత్తది వేయడం, ఇంతే. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడేది. ఎవరి నడుము ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు గానీ బయటపెట్టేది కాదు. "బట్టే కుంచించుకుపోయిందిలే" అని పెద్దమనిషి తరహాగా సర్దిచెప్పేది. తగ్గిన నడుములే ఆమెను కలవరపెట్టేవి. "నెల్లాళ్ళలో రెండంగుళాలు చెల్లీ. ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది" అనేది. సాయంత్రానికల్లా ఏదో ఒకటి వండుకుని ఆ ఇంటికి వెళ్ళేది. వెళ్ళాక మనసులో ఉన్నదంతా కక్కించేదాకా లేచేది కాదు. మంచి మనిషి. మంచితనం కాస్త తక్కువుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జరిగినదాంట్లో నాకూ వాటా ఉంది. నేను ఆసుపత్రిలో, రోగుల కాగితాలు భద్రపరిచే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఆ గదిలో చదివింది గడప దాటకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. పక్కింటివాళ్ళ జబ్బులు కూడా నా కడుపులోనే దాచుకున్నాను. అందుకని నాకు కాస్త గీర. నోరు జారేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమ విందు ఉంటుంది. వెనక హాల్లో బల్లలు కలిపి వేస్తాం. ఎవరికి చేతనైంది వాళ్ళు వండుకొస్తారు. తినే ముందు చీటీల పెట్టె తెరుస్తారు. నెల పొడుగునా ఎవరి ప్రార్థన విన్నపం వాళ్ళు కాగితం మీద రాసి ఆ పెట్టెలో వేస్తారు. పెట్టె తిరుగుతూ వస్తుంటే తలా ఒకటి తీసి, లేచి నిలబడి, ఉన్నదున్నట్టు గట్టిగా చదివి, ఒక నిమిషం ప్రార్థన చేయాలి. చీటీ మీద పేరు రాయకూడదు. ఎవరిదో ఊహించకూడదు. మొదటి నియమం అందరం పాటించేవాళ్ళం. రెండోది మాత్రం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఉన్నదే అరవై మందిమి. "గురక తగ్గాలి" అని చదివితే అందరి చూపూ ఒకే దంపతుల మీదికి పోయేది. "మా అత్తగారి నోటికి శాంతి" అని వచ్చినప్పుడు నలుగురు కోడళ్ళు ఒకేసారి ఆమెన్ అన్నారు. నవ్వుకునేవాళ్ళం. అందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచలేదు.

మేం కళ్ళద్దాల అమ్మాయి అని పిలుచుకున్న ఆమె, అక్క కొట్టు ద్వారానే మాకు పరిచయమైంది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, అద్దాలను ఫ్రేములకు సరిపడేలా అరగదీసే పని. పనిలో వేసుకునే కోటు జిప్పు పాడైతే మార్పించుకోవడానికి వచ్చింది. జిప్పు మారేలోపు అక్క ఆమెను ఆదివారానికి పిలిచేసింది. వచ్చింది. ఆఖరి వరుసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఎవరేం అడిగినా ఒక్క మాటలో జవాబు చెప్పి, నవ్వి, తల వంచుకునేది.

ఆ నెల విందులో మా సంఘంలోని ఒక ఎలక్ట్రీషియన్ భార్య నాలుగు నెలల పిల్లతో తినలేక అవస్థ పడుతోంది. చేయి ఖాళీగా ఉన్న మనిషి కళ్ళద్దాల అమ్మాయి ఒక్కతే. అక్క ఆ పిల్లను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టేసింది. ఆమె ముందు బిగుసుకుపోయింది. తర్వాత పిల్ల మెడ కింద అరచేయి పెట్టి, భుజానికి ఆనించుకుని, నెమ్మదిగా లేచి కిటికీ దాకా నడిచింది. పిల్ల రెండు నిమిషాల్లో నిద్రపోయింది. "ఎవరి దగ్గరా ఊరుకోని రాక్షసి ఇది, ఏం మందు చల్లావమ్మా?" అంది తల్లి.

అప్పటినుంచి అదే రివాజైంది. విందు మొదలవగానే చంటిపిల్లలంతా ఆమె దగ్గరికి చేరేవాళ్ళు. ఒకర్ని ఎత్తుకుని, ఇంకొకర్ని మోకాలి మీద ఆడిస్తూ, మూడోవాడి ముక్కు తుడుస్తూ ఉండేది. తన ప్లేటు సంగతి మరిచిపోయేది. తల్లులు హాయిగా రెండోసారి వడ్డించుకునేవాళ్ళు. ఏడు నెలలు అలా సాగింది. ఆ ఏడు నెలల్లో ఆమె ముఖం ఎంత తేటపడిందో మా అందరికీ కనిపించింది. మా ప్రేమే ఆమెను మార్చిందని మురిసిపోయాం.

ఎనిమిదో నెలలో ఒక గురువారం మధ్యాహ్నం ఆమె అక్క కొట్టుకు వచ్చింది. పాత స్కర్టు నడుము తగ్గించాలంది. అక్క టేపు పెట్టి చూసి, సూదులు నోట్లోంచి తీసేసి, స్టూలు జరిపి కూర్చోబెట్టింది. ఇక చెప్పేదేముంది, గంటలో అంతా బయటికొచ్చింది. ఆమెకొక కూతురుంది. ఒకప్పుడు ఆమె బాగా తాగేది. తాగి సోఫాలో నిద్రపోయిన ఒక పగలు, మూడున్నరేళ్ళ పాప పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె లాగేసుకుంది. పాప చెయ్యీ మెడా కాలాయి. బతికింది. తండ్రి పాపను తీసుకుని వెళ్ళిపోయాడు. ఈవిడ ఆ రోజునుంచి చుక్క ముట్టలేదు. రెండేళ్ళయింది. పాపను చూడనివ్వమని ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

"ఎవరికీ చెప్పకండక్కా" అందట.

"దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను" అందట మా అక్క.

"ఆయనకి ఎలాగూ తెలుసు" అందట ఆమె.

అక్క మాట తప్పాలనుకోలేదు. తన లెక్కలో తప్పలేదు కూడా. పేరు లేకుండా చీటీ రాసి పెట్టెలో వేసింది. అది ఆమె లెక్కలో దేవుడికి చెప్పడమే.

ఆ ఆదివారం పెట్టె తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. చీటీ తీశాను, విప్పాను. గుండ్రటి అక్షరాలు చూడగానే అక్క రాత అని తెలిసింది. తన గురించో ఇంట్లో పసి మనవరాలి గురించో రాసుకుందనుకున్నాను. నాకు గొంతు బాగుంటుందని పేరు. లేచి నిలబడి, ఆ పేరుకు తగ్గట్టు ఖంగుమని చదివాను.

"తాగుడు మానేసి రెండేళ్ళయిన ఒక తల్లి కోసం. తాగి నిద్రపోయినప్పుడు మూడున్నరేళ్ళ బిడ్డ మీద మరిగే నీళ్ళు పడి చెయ్యి, మెడ కాలాయి. తండ్రి బిడ్డను తీసుకెళ్ళాడు. తల్లీబిడ్డలను మళ్ళీ కలపమని ప్రార్థన చేయండి. అలాగే రోజంతా నిలబడి అద్దాలు అరగదీయడం వల్ల వస్తున్న కాళ్ళనొప్పులు కూడా తగ్గేలా."

ఆఖరి వాక్యం సగంలో ఉండగానే నాకు అర్థమైంది. ఆగి ఉండొచ్చు. దగ్గు వచ్చినట్టు నటించి ఉండొచ్చు. ముప్పై ఏళ్ళు నోరు కట్టుకున్న మనిషిని, చదవడం మొదలుపెట్టాను కదా అని చివరి చుక్క దాకా చదివేశాను. ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు. అరవై మంది పనిగట్టుకుని ఒక మనిషి వైపు చూడకపోవడం ఎంత ఘోరంగా ఉంటుందో అప్పుడే చూశాను. తర్వాత నేను ప్రార్థన చేశాను. ఏం అన్నానో గుర్తులేదు.

మావాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక్కరు కూడా ఒక్క చెడ్డమాట అనలేదు. విందు మొదలవగానే ఒకరి తర్వాత ఒకరు ఆమె దగ్గరికి వచ్చారు. భుజం నిమిరారు. చెయ్యి పట్టుకున్నారు. "నీకోసం ప్రార్థన చేస్తున్నామమ్మా" అన్నారు. పాస్టరుగారి భార్య ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆమె అందరికీ తల ఊపింది. ఆమె ఒళ్ళో ఎలక్ట్రీషియన్ వాళ్ళ పిల్ల ఉంది. పిల్లకు ఇప్పుడు సంవత్సరం దగ్గరపడుతోంది. తల్లి వచ్చి పక్కన నిలబడి, కాసేపు తటపటాయించి, "పాలవేళైంది" అని పిల్లను తీసుకుంది. అరగంట కిందటే ఆ పిల్ల పాలు తాగడం నేను చూశాను. ఒళ్ళోంచి పిల్ల లేచిపోయాక కూడా ఆమె చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

గిన్నెలు తోముతూ నేను అక్కతో పోట్లాడాను.

"కాళ్ళనొప్పులు ఎందుకు రాశావక్కా? ఆ ఒక్క ముక్క లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నొప్పులూ ఉన్నాయి కదా చెల్లీ" అంది అక్క. ముఖం పాలిపోయింది. "అడిగేదేదో అంతా అడగాలి గానీ, సగం చెప్పి సగం దాచుకుంటే ఏం బాగుంటుంది?"

"మరి నువ్వు మాటిచ్చావు కదా."

"పేరు రాయలేదుగా" అంది. చేతిలో గిన్నె తిప్పి, "నువ్వు చదవకుండా ఉండాల్సింది" అంది. ఇద్దరం ఒకే గిన్నెను రెండుసార్లు తోమాం.

నేననుకున్నట్టు ఆమె మానేయలేదు. మరుసటి ఆదివారం వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది. అంతకు ముందుకంటే ఎక్కువ ప్రేమ చూపించాం ఆమె మీద. ముందు వరుసలో చోటిచ్చారు. ఆమెకని ఒకరు స్వెటర్ అల్లి తెచ్చారు. ఇంటికి భోజనానికి పిలిచారు. పిల్లల్ని మాత్రం ఇవ్వలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదది. ఒక తల్లికి పిల్ల నలతగా ఉన్నట్టనిపించేది, ఇంకొకామెకు తనే ఎత్తుకోవాలనిపించేది. మూడో ఆదివారం పాస్టరుగారింట్లో అందరం భోజనాలకు కలిస్తే, ఆమె ఖాళీ ఒడితో కూర్చుని, ప్లేటులో ఉన్నదంతా నెమ్మదిగా తినేసింది. ఆమె పూర్తిగా భోంచేయడం నేను చూడటం అదే మొదలు. తర్వాత ఇక రాలేదు.

రెండు వారాలు చూసి అక్క కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. తిరిగొచ్చి మా ఇంటి మెట్ల మీద కూలబడింది.

"కాళ్ళమీద పడ్డంత పని చేశా చెల్లీ. కోపం లేదంది. నిజంగానే లేదు, దాని కళ్ళల్లో లేదు. ఒక్కటే అడిగింది. మీ మనవరాల్ని నా చేతికిస్తారా అని."

"నువ్వేమన్నావు?"

"ఇస్తానన్నా."

"వెంటనేనా?"

అక్క కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "గుటక మింగి చెప్పా" అంది. "అది చూసింది చెల్లీ, నేను మింగడం. అద్దాల్లో వెంట్రుకంత గీత కనిపెట్టే మనిషి. చూడకుండా ఎలా ఉంటుంది?"

ఆ సాయంత్రమే అక్క కోడలిని అడిగింది. కొడుకు, కోడలు, పది నెలల మనవరాలు అక్కతోనే ఉంటారు. కోడలు మెత్తటి మనిషి, అత్తగారికి ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు చేతిలో పని ఆపి, నింపాదిగా చెప్పిందట. "ఆవిడ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానత్తయ్యా. పిల్లని మాత్రం ఇవ్వను."

అక్కకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. తనూ గుటక మింగింది కదా. ఏ ముఖం పెట్టుకుని కోప్పడుతుంది? రెండు రోజులు మిషను దగ్గర కూర్చుని ఒకే ప్యాంటు కుట్టి విప్పి కుట్టింది. ఆదివారం గుమ్మంలో నిలబడి అందరికీ వందనాలు చెప్పింది గానీ, ఎవరినీ ఏమీ అడగలేదు. జనం వరసగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం మనవరాలిని భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది.

"దీన్ని అలా తిప్పుకొస్తానని చెప్పొచ్చా. నువ్వూ రా చెల్లీ. ఒక్కదాన్నే వెళ్ళలేను."

ఎక్కడికని నేను అడగలేదు. వద్దనీ అనలేదు. కోడలికి అబద్ధం చెప్పి వచ్చిందని తెలిసీ చెప్పులు వేసుకుని బయల్దేరాను.

దుకాణంలో ముగ్గురు నలుగురు అద్దాల ముందు ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటున్నారు. వెనక గదిలోంచి అరగదీత మిషను సన్నగా రొద పెడుతోంది. యజమానికి చెప్పి పిలిపించాం. రొద ఆగింది. కళ్ళద్దాల అమ్మాయి తడిచేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది. అక్కను చూసింది, నన్ను చూసింది, పాపను చూసింది. పాప ఆమెను చూడగానే రెండు చేతులూ చాచింది. ఆ ఏడు నెలలూ పాపను ఎత్తుకున్నది ఆమే కదా, ఆ పిల్లకేం తెలుసు.

"తెచ్చానమ్మాయీ" అంది అక్క. "ఎత్తుకో. తీసుకో."

ఆమె చేతులు పైకి లేచాయి. పాప చంకల దాకా వచ్చి ఆగాయి.

"మీ కోడలికి చెప్పారా అక్కా?"

అక్క పాప గౌను సర్దింది. నేను నేల చూశాను. జవాబుకు అంతకంటే ఏం కావాలి.

ఆమె చేతులు దించుకుని కోటు జేబుల్లో పెట్టుకుంది. గొంతు పెంచలేదు. పక్కన ఫ్రేములు చూసుకునేవాళ్ళకు వినబడనంత నెమ్మదిగా మాట్లాడింది.

"మొదట్లో తెలియక ఇచ్చారు. ఇప్పుడు దొంగచాటుగా ఇస్తున్నారు. తెలిసి ఇచ్చేవాళ్ళు ఒక్కరైనా ఉంటారేమో అనుకున్నానక్కా. మూడు ఆదివారాలు అందుకే వచ్చాను."

"నేనిస్తున్నా కదే తల్లీ" అంది అక్క.

"మీ పిల్ల కాదు కదక్కా" అంది ఆమె. "నా పిల్ల తండ్రి కూడా ఇవ్వలేదు. ఆయన్ని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. మీరంతా ఇంత మంచివాళ్ళై ఉండి కూడా ఇవ్వలేకపోయారంటే, ఆయనదేం తప్పు? నిన్ననే ఉత్తరం రాసేశాను, ఇక అడగనని."

పాప ఇంకా చేతులు చాచే ఉంది. అక్క కన్నీళ్ళు పాప జుట్టులో పడుతున్నాయి. ఖంగుమని ఆ చీటీ చదివిన నా గొంతు అప్పుడు ఎటు పోయిందో.

లోపలినుంచి ఎవరో పిలిచారు. వెళ్ళబోతూ ఆమె ఆగింది. పాప ఎడమ కాలి మేజోడు సగం ఊడి వేలాడుతోంది. ఆమె చెయ్యి జేబులోంచి కొద్దిగా బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

"మేజోడు జారిపోతోందక్కా. చూసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది. అక్క కళ్ళకు ఏమీ ఆనడం లేదు, మేజోడు కోసం పాప కాలంతా తడుముతోంది. నేనే వంగి దాన్ని పైకి లాగాను.